పాత స్టీరియో, ఓపికున్న చేతులు

పావగడ తుమకూరు జిల్లాలో ఉన్నా, తాలూకాకు దాదాపు చుట్టూరా ఆంధ్ర నేలే. ఇక్కడి కార్ల పెన్‌డ్రైవుల్లో కన్నడ పాటలూ తెలుగు పాటలూ కలిసే ఉంటాయి. తిరుమణి సోలార్ పార్క్ వైపు పోయే దారిలో పాట ఆగితే ఎండ ఇంకాస్త ముదిరినట్టే.

"అన్నా, పాత స్టీరియోకు పెన్‌డ్రైవ్ కలిపే అడాప్టర్ పోయిందా?" అని అడగ్గానే "కొత్తది వేద్దాం" అనేవాడి మీద నాకు నమ్మకం లేదు. పని తెలిసినవాడు ముందు పెన్‌డ్రైవ్ అడుగుతాడు. 64 జీబీవి చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. పాత అడాప్టర్‌కు అది చదవడం రాదు, ఫ్యాట్32 కావాలి. ఆ ఫార్మాట్‌లోకి మారిస్తే సగం జబ్బు అక్కడే తీరుతుంది.

తీరకపోతే స్టీరియోను బయటికి లాగుతాడు. ఈ అడాప్టర్ స్టీరియో వెనకున్న సీడీ ఛేంజర్ సాకెట్‌లో కూర్చుని, తానే ఛేంజర్‌నని స్టీరియోను నమ్మిస్తుంది. ఎంత ముచ్చటైన అబద్ధం! అందుకే ఫోల్డర్లకు సీడీ01, సీడీ02 అని పేర్లు పెట్టాలి. చాలా మోడళ్లలో ఒక్కోదానికి 99 పాటలే.

ఇంజిన్ వేగంతోపాటు 'కుయ్' మని పెరిగే మోత ఉంటే చూపు ఎర్తింగ్ మీదికి పోతుంది. నల్ల వైరు బిగించిన చోట పెయింట్ గీకి, ఇనుము తేలాక మళ్లీ బిగిస్తాడు. ఇంజిన్ ఆపినప్పుడల్లా గడియారం సున్నాకు వస్తే చాలావరకు పసుపు, ఎరుపు వైర్లు తారుమారైనట్టే. పసుపుదానికి ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి.

పరీక్షకు మాత్రం తనకిష్టమైన పాటే పెడతాడు. అది అయిపోయేదాకా తాళంచెవి ఇవ్వడు.