రిసీవరుకు కిటికీ అవసరమా?

రేడియో ఆదేశాలతో ఎగిరే నమూనా విమానాన్ని మీరు దగ్గరగా చూసి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. దాన్ని ఎగరేసేవారి శ్రమలో సగం విప్పడం, బిగించడంతోనే సరిపోతుంది. రెక్క విప్పాలి. లోపలికి రెండు వేళ్ళు దూర్చాలి. ఎక్కడో స్పాంజిలో చుట్టి ఉన్న అగ్గిపెట్టెంత డబ్బాను వెతికి పట్టుకోవాలి. దాని అంచున ఉన్న మూడు పిన్నుల మీద ఒక ప్లగ్గు గుచ్చాలి. మళ్ళీ అన్నీ బిగించాలి. ఆ డబ్బాయే రిసీవరు.

ఈ తంటా తప్పించుకోవడానికి చాలామంది రిసీవరు నుంచి తీగలు పొడిగించి, విమానం బాడీ పక్కగోడలో చిన్న సాకెట్లుగా అమరుస్తారు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాలు చేసేవారూ, పోటీల కోసం విమానాలు కట్టే ఇంజనీరింగ్ విద్యార్థులూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఏర్పాటు గురించి ఆలోచించే ఉంటారు. ఇది మంచి అలవాటేనా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొన్ని తీగలు బయటికి రావలసిందే. కొన్నిటికి ఆ అవసరం లేదు. ఒకదాన్ని బయట పెట్టడం మాత్రం విమానాన్నే పోగొట్టవచ్చు. అన్నీ ఒకే రకం మూడు తీగల్లాగా కనిపించడమే అసలు చిక్కు.

ఆ మూడు తీగల్లో ఏముందో చూద్దాం. నలుపు లేదా గోధుమరంగుది రుణధ్రువం. ఎర్రనిది ధనధ్రువం. తెలుపు, పసుపు లేదా నారింజ రంగుది సంకేతం. రిసీవరు ఈ మూడో తీగ గుండా సర్వో మోటారుకు సుమారు 20 మిల్లీసెకన్లకు ఒకసారి ఒక స్పందాన్ని పంపుతుంది. ఆ స్పందం ఒక మిల్లీసెకను ఉంటే సర్వో ఒక కొసకు, రెండు మిల్లీసెకన్లుంటే రెండో కొసకు, ఒకటిన్నర ఉంటే నడిమికి తిరుగుతుంది. ధనధ్రువాన్ని మధ్యలో పెట్టడం వెనుక తెలివి ఉంది. ప్లగ్గు తిరగేసి గుచ్చినా ఎర్రతీగ ఎర్రతీగకే తగులుతుంది. సర్వో పనిచేయదు కానీ సాధారణంగా కాలిపోదు. ఇంత ముందుచూపుతో చేసిన ప్లగ్గుకు గట్టిగా పట్టి ఉంచే కొక్కెం మాత్రం పెట్టలేదు. నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు. ఇంజను అదురుతూ ఉంటే ప్లగ్గు జారకుండా నమూనాకారులు దారంతో కట్టుకోవలసి వస్తోంది.

ఇక సంకేతం మోసే తీగకూ విద్యుత్తు మోసే తీగకూ గల తేడా చూడండి. సంకేతం తీగలో ప్రవహించేది లెక్కలోకి రానంత స్వల్పం. దాన్ని ఒక అడుగు పొడిగించినా నష్టం లేదు. బ్యాటరీ నుంచి రిసీవరుకు వచ్చే తీగ సంగతి వేరు. అన్ని సర్వోలూ తాగే విద్యుత్తు దాని గుండానే రావాలి. నాలుగు సర్వోలు ఒక్కసారిగా బలంగా కదిలితే క్షణకాలం 3 ఆంపియర్లు ప్రవహించడం వింతేమీ కాదు.

మీరే లెక్క కట్టండి. సర్వో తీగల్లో తరచు వాడే 26 గేజి రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.134 ఓములు. దాన్ని 30 సెంటీమీటర్లు పొడిగిస్తే పోను రాను 60 సెంటీమీటర్లు, అంటే 0.08 ఓములు. 3 ఆంపియర్ల దగ్గర ఓమ్ నియమం ప్రకారం 0.24 వోల్టులు ఆ తీగలోనే పోతాయి. పిన్నుల మీద చమురూ దుమ్మూ పట్టి ఒక్కో అతుకు దగ్గర మరో 0.05 ఓములు చేరాయనుకోండి. ధన, రుణ అతుకులు రెండూ కలిపి ఇంకో 0.3 వోల్టులు. మొత్తం అర వోల్టు దాటింది. 4.8 వోల్టుల నాలుగు సెల్లుల బ్యాటరీ అంత ప్రవాహానికి తనంతట తానే కొంత దిగజారుతుంది. అదీ పాతబడినదైతే, చలివేళ అయితే మరింత దిగజారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తొలి తరం రిసీవర్లలో కొన్ని సుమారు 3.5 వోల్టుల దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి మేలుకొనేవి. మేలుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకుందాం. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్న విమానం ఆ వ్యవధిలో 60 మీటర్లు ఎవరి అదుపూ లేకుండా పోతుంది. అది ఎటు పోతుందో, అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో ఓమ్ నియమం చెప్పదు.

అదే తీగ 22 గేజిది అయితే నష్టం 0.1 వోల్టు లోపే. కాబట్టి విద్యుత్తు తీగను పొడిగించక తప్పకపోతే లావుపాటి తీగ వాడాలి. అతుకులు తగ్గించాలి. కిట్లతో వచ్చే సూచనల పత్రాలు రెక్క అతికించే జిగురు గురించి పేజీలు పేజీలు రాస్తాయి. తీగ గేజి గురించి ఒక్క వాక్యం రాసినవి నాకు అరుదుగా కనిపించాయి.

బయటి సాకెట్లు ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. 2000 దశకం మధ్య వరకు నమూనా విమానాలు అమెరికాలో ఎక్కువగా 72 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 35 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల మీద నడిచేవి. ఒకే ఛానెల్ మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు వేస్తే గాలిలో ఉన్న విమానం కూలినట్టే. అందుకని మైదానంలో ఒక బల్ల, దాని మీద ఛానెలుకొక క్లిప్పు ఉండేవి. క్లిప్పు చేతిలో లేనివారు ట్రాన్స్‌మిటరు వేయకూడదు. మరి నేల మీద ఎయిలరాన్లు సరిగా కదులుతున్నాయో లేదో చూసుకోవడం ఎలా? దీనికి జేఆర్, ఫుటాబా వంటి సంస్థలు ఒక తీగను ఇచ్చాయి. ట్రాన్స్‌మిటరు నుంచి ఆ తీగను విమానం పక్కన ఉన్న సాకెట్లో గుచ్చితే ఆదేశాలు గాలిలోకి వెళ్ళకుండా తీగ గుండానే సర్వోలకు చేరతాయి. పక్కవాడి విమానానికి ప్రమాదం లేదు. బయటి సాకెట్టుకు ఇంతకంటే సరైన కారణం మరొకటి నేనెరగను. దాని వెనుక ఉన్నది సౌకర్యం కాదు, భద్రత.

2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ అవసరం పోయింది. ఒక్కో ట్రాన్స్‌మిటరు తన గుర్తింపు సంకేతంతో మాట్లాడుతుంది. రిసీవరు దాన్ని తప్ప మరొకదాన్ని ఆలకించదు. దానికి బదులు కొత్త పని ఒకటి వచ్చి పడింది. రిసీవరుకు తన యజమాని ఎవరో ఒకసారి నేర్పాలి. దీన్ని ‘బైండ్’ చేయడం అంటున్నారు. మన ఊళ్ళలో పుస్తకానికి గట్టి అట్ట వేయించడాన్ని బైండు చేయించడం అంటాం కనుక ఈ మాట తెలుగులో కాస్త నవ్వు పుట్టిస్తుంది. జతకట్టడం అంటే సరిపోతుంది. కొన్ని రిసీవర్లకు ఇందుకు చిన్న బొత్తాం ఉంటుంది. స్పెక్ట్రమ్ వంటి వాటిలో చాలావరకు ఒక ప్లగ్గు గుచ్చి కరెంటు ఇవ్వాలి. ఆ ప్లగ్గులో ఉన్నది ఒక తీగ ముక్క మాత్రమే. సంకేతం పిన్నునూ రుణధ్రువం పిన్నునూ అది కలిపేస్తుంది. రిసీవరు మేలుకుంటున్న క్షణంలో ఆ రెండూ కలిసి ఉన్నాయని గమనిస్తే జతకట్టే స్థితిలోకి వెళుతుంది.

బయట పెట్టకూడదని నేనన్నది ఈ సాకెట్టునే. ఎందుకో ఆలోచించండి. విమానం పక్కగోడలో ఆ పిన్నులు తెరిచి ఉన్నాయి. వాటి మధ్య మంచు తడో, ఇనుపరజనో, నలిగిన పొడిగింపు తీగో అడ్డుపడి రెండు పిన్నులనూ కలిపింది. ఎగురుతున్నంతసేపూ ఏమీ జరగదు. రిసీవరు మేలుకొనేటప్పుడు తప్ప ఆ పిన్నుల వైపు చూడదు. కానీ గాలిలో ఉండగా వోల్టేజి ఒక్క క్షణం పడిపోయి రిసీవరు మళ్ళీ మేలుకుంటే? మామూలుగా అయితే కాసేపటికి తన యజమానిని గుర్తుపట్టి అదుపులోకి వచ్చేది. ఇప్పుడు మాత్రం కొత్త జత కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. విడివిడిగా చూస్తే చిన్నవైన రెండు లోపాలు కలిసి విమానాన్ని నేలకు కొట్టాయి.

అవతలి పక్షం వాదనలో బలం లేకపోలేదు. జతకట్టడం ఒక్కసారితో తీరేది కాదు. చాలా రిసీవర్లలో సంకేతం తెగిపోయినప్పుడు ఇంజను ఏ స్థితికి రావాలో జతకట్టే సమయంలోనే గుర్తుంచుకుంటాయి. ట్రాన్స్‌మిటరులో ఇంజను అమరిక మార్చితే మళ్ళీ జతకట్టడమే మంచిది. కొత్త విమానానికి మొదటి వారంలో నాలుగైదుసార్లు చేయవలసి రావచ్చు. అందుకోసం ప్రతిసారీ రెక్క విప్పమనడం నిజంగానే శిక్ష. కానీ దానికి పక్కగోడకు కన్నం పెట్టనక్కరలేదు. ఒక చిన్న మూత కింద పొడిగింపు తీగ కొస అందేలా ఉంచుకుంటే చాలు. పని అయ్యాక ఆ తీగను రిసీవరు దగ్గరే ఊడదీసి జేబులో వేసుకోవచ్చు. ఒక కళాశాల జట్టు రెక్క కింద తలుపు చెక్కి, రెండు చిన్న అయస్కాంతాలతో మూత నిలబెట్టింది. అది చూసి ముచ్చటపడ్డాను. మరోమాట: విద్యుత్ మోటారు ఉన్న విమానాన్ని జతకట్టేటప్పుడు ముందుగా ప్రొపెల్లరు ఊడదీయండి. మోటారు తిరగదని ఎవరు ఎంత హామీ ఇచ్చినా సరే.

ఛార్జింగ్ సాకెట్టుకూ కాలం మారింది. నికెల్-కాడ్మియం సెల్లుల రోజుల్లో 600 మిల్లీ ఆంపియర్-అవర్ బ్యాటరీకి 60 మిల్లీ ఆంపియర్ల చొప్పున రాత్రంతా ఛార్జి ఎక్కించేవారు. విమానాన్ని కదిలించకుండా పక్కనున్న సాకెట్లో తీగ గుచ్చి నిద్రపోవచ్చు. లిథియం-పాలిమర్ బ్యాటరీకి ఇదే పద్ధతి పనికిరాదు. ప్రతి సెల్లునూ విడిగా సరిచూసే తీగలు కావాలి. పొరపాటు జరిగితే మంట లేస్తుంది. బాల్సా కర్ర దానికి చక్కని కట్టెపుల్ల. బ్యాటరీ బయటికి తీసి, మంట అంటుకోని చోట ఛార్జి చేయాలి. పాత అలవాటు కొద్దీ కొత్త విమానానికి ఆ సాకెట్టు పెట్టేవారు కారణం పోయాక కూడా ఆచారాన్ని పట్టుకు వేలాడుతున్నారు.

బయట ఉండి తీరవలసినదేదో కూడా చెప్పాలి కదా. విద్యుత్ విమానాల్లో ప్రధాన బ్యాటరీ ధనతీగను మధ్యలో తెంచి, ఆ సందును కలిపే ప్లగ్గును బాడీ పైన పెడతారు. అన్నీ సిద్ధమయ్యాక, అందరూ వెనక్కి జరిగాక, చివరగా ఆ ప్లగ్గు గుచ్చుతారు. అప్పటిదాకా మోటారుకు ప్రాణం లేదు. అమెరికాలో విద్యార్థుల కోసం జరిగే ఎస్.ఏ.ఇ. ఏరో డిజైన్ పోటీల నియమాల్లో ఈ ఎర్ర ప్లగ్గు తప్పనిసరి. అది బయటి నుంచి అందేలా, ప్రొపెల్లరుకు దూరంగా ఉండాలి. పెద్ద గ్లైడర్లలో రెక్క మొదట్లో అమర్చే ఆరు పిన్నుల ఆకుపచ్చ ప్లగ్గులు కూడా నాకు నచ్చిన ఏర్పాటే. రెక్కను బాడీలోకి నెట్టగానే రెండు సర్వోల తీగలూ కలుస్తాయి. ఆరు పిన్నుల్లో రెండు సంకేతాలకు పోగా మిగిలిన నాలుగింటితో ధన, రుణ ధ్రువాలకు రెండేసి పిన్నులు ఇవ్వవచ్చు. విద్యుత్తు తీగ మీద అతుకు పెట్టవలసి వస్తే ఇలా పెట్టాలి.

సాకెట్టు పెట్టాలనే నిర్ణయించుకుంటే చోటు చూసి పెట్టండి. మెథనాల్‌తో నడిచే ఇంజను పొగగొట్టం ఏ పక్కన ఉందో దానికి ఎదుటి పక్కన పెట్టాలి, ఆ పొగలో చమురు తుంపరలుంటాయి. కన్నం పెట్టిన చోట బాల్సా వెనుక పలుచని ప్లైవుడ్ ముక్క అతికించండి. రెక్క ముందంచు దగ్గర బాడీ మీద భారం ఎక్కువ, అక్కడ వద్దు. లోపలి తీగను కొంచెం వదులుగా విడిచి, రిసీవరుకు ముందే ఒకచోట కట్టండి. లేకపోతే మీరు బయట ప్లగ్గు లాగిన ప్రతిసారీ లోపల రిసీవరు పిన్నులు ఊగుతాయి. ఏ తీగా రిసీవరు ఏంటెన్నాకు ఆనుకొని పోకూడదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, అందులో పావువంతు, అంటే సుమారు 3.1 సెంటీమీటర్ల కొస మాత్రమే ఏంటెన్నాగా పనిచేస్తుంది. ఆ కాస్త ముక్కనూ తీగల గుంపు మరుగున పడేస్తే సాకెట్లన్నీ ఎంత అందంగా అమర్చినా నేల మీద చేసే రేంజి పరీక్షలోనే విమానం మొరాయిస్తుంది.