బెంచీ చదువు

స్టీవ్ కెర్ ఆడిన రోజుల అంకెలు చూస్తే కంటికి ఆనవు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 15 సీజన్లు, 910 మ్యాచ్‌లు ఆడాడు. మొదటి ఐదుగురిలో ఒకడిగా బరిలోకి దిగినవి అందులో 30 మాత్రమే. మ్యాచ్‌కు సగటున 6 పాయింట్లు. ఫీనిక్స్, క్లీవ్‌లాండ్, ఒర్లాండో, షికాగో, శాన్ ఆంటోనియో, పోర్ట్‌లాండ్, మళ్లీ శాన్ ఆంటోనియో అంటూ పెట్టే బేడా సర్దుకుని ఊళ్లు మారుతూనే ఉన్నాడు. అయినా ఆటగాడిగా 5, కోచ్‌గా 4, మొత్తం 9 ఎన్‌బీఏ టైటిళ్లు అతని ఖాతాలో ఉన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టుకూ అతనే కోచ్.

అదృష్టజాతకుడు, జోర్డాన్, డంకన్, కర్రీ లాంటి స్టార్ల పక్కన నిలబడ్డాడు గనుక గెలిచాడు అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ కెర్ ఒంటరి మినహాయింపు కాదు. షికాగోలో, లాస్ ఏంజెలెస్‌లో కలిపి 11 టైటిళ్లు గెలిపించిన ఫిల్ జాక్సన్ న్యూయార్క్ నిక్స్‌కు చాలావరకు బెంచీ మీద నుంచి వచ్చి ఆడినవాడు. 1980ల లేకర్స్‌ను నడిపిన పాట్ రైలీ 1972 టైటిల్ జట్టులో రిజర్వ్ ఆటగాడు. 2011లో డాలస్‌ను గెలిపించిన రిక్ కార్లైల్ 1986 సెల్టిక్స్ బెంచీలో ఒకడు. 2022 ఫైనల్స్‌లో కెర్ ఎదుటి జట్టు కోచ్ ఇమె ఉడోకా కూడా ఊళ్లు తిరిగిన ఆటగాడే. ఇంతమందిని ఒకచోట చూశాక దీన్ని కాకతాళీయం అనలేం. రాసిపెట్టిన సిలబస్ లేకపోయినా ఇది ఒక సంప్రదాయమే.

క్రికెట్‌లో పన్నెండో ఆటగాడి అవస్థ మనకు తెలుసు. నీళ్ల సీసాలు మోయాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే ఫీల్డింగ్‌కు పరుగెత్తాలి. బాస్కెట్‌బాల్ రిజర్వ్ పరిస్థితి ఇంకా చిత్రమైనది. అతను నిజంగానే ఆడాలి, కానీ ఎప్పుడో తెలియదు. అరగంట సేపు ఒళ్లు చల్లబడిపోయాక పిలుపు వస్తుంది. రెండు నిమిషాల్లో ఒక షాట్ వేసే అవకాశం దొరుకుతుంది. అది తప్పితే మళ్లీ బెంచీ. ఆ కూర్చున్న చోటు కూడా కోచ్ పక్కనే. ఏ ఆటగాడు అలిసిపోయాడో, ఎదుటివాడు ఎవరిని కాపు కాయలేక తడబడుతున్నాడో, కోచ్ ఎవరి మీద విసుక్కుని ఎవరి మీద విసుక్కోలేదో అతనికి కళ్లెదుటే కనిపిస్తుంది. కండబలం తక్కువ కాబట్టి కళ్లతో బతకాలి.

కెర్‌కు ఆ కండబలం నిజంగానే తక్కువ. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, వేగం అంతంత మాత్రం, గెంతు ఇంకా తక్కువ. హైస్కూల్ అయ్యాక పెద్ద కాలేజీలేవీ వెంటపడలేదు. చివర్లో అరిజోనా కోచ్ లూట్ ఓల్సన్ చోటిచ్చాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1988 డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్ అతన్ని తీసుకునేసరికి 49 మంది పేర్లు పిలిచేశారు. అతని దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆస్తి దూరం నుంచి వేసే షాట్. ఆ ఆస్తిని అతను ఎంత జాగ్రత్తగా వాడుకున్నాడంటే, కెరీర్ మొత్తంలో త్రీ పాయింటర్లలో 45.4 శాతం బుట్టలో పడ్డాయి. ఎన్‌బీఏలో ఆ రికార్డు అతనిదే.

కాలేజీ రోజుల్లోనే, 1984 జనవరి 18న బీరూట్‌లో, అమెరికన్ యూనివర్సిటీ ఆవరణలోనే, అతని తండ్రి మాల్కం కెర్‌ను కాల్చి చంపారు. అరబ్ రాజకీయాల పండితుడైన మాల్కం ఆ యూనివర్సిటీకి అధ్యక్షుడు. స్టీవ్ పుట్టింది కూడా బీరూట్‌లోనే. అప్పటికి అతనికి 18 ఏళ్లు, అరిజోనాలో మొదటి ఏడాది చదువుతున్నాడు. రెండు రోజుల తర్వాత అరిజోనా స్టేట్‌తో మ్యాచ్. దిగాడు, మొదటి షాట్ వేశాడు, పడింది. ఆ రాత్రి 12 పాయింట్లు చేశాడు. ఈ సంఘటనను కథకులు స్ఫూర్తి పాఠంగా మార్చేస్తుంటారు. అంత తొందర అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ రెండు గంటలు తనకు చేతనైన పని చేశాడు, అంతే.

అతని అసలు చదువు మొదలైంది 1993లో, షికాగో బుల్స్‌లో చేరాక. అక్కడ ఫిల్ జాక్సన్ పక్కన టెక్స్ వింటర్ అనే ముసలాయన అసిస్టెంట్‌గా కూర్చునేవాడు. ‘ట్రయాంగిల్’ అనే దాడి పద్ధతిని శాస్త్రంలా తీర్చిదిద్దినవాడు ఆయనే. ఆయనకు అది సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో శామ్ బ్యారీ దగ్గర అబ్బింది. 1962లోనే దానిమీద పుస్తకం రాశాడు. బ్యారీ నుంచి వింటర్‌కు, వింటర్ నుంచి జాక్సన్‌కు, అక్కడి నుంచి కెర్‌కు వచ్చిన వరస అది.

పద్ధతి ఏమిటంటే, కోర్టుకు ఒక పక్క ముగ్గురు త్రికోణంలా నిలబడతారు. ఒకడు మూలన, ఒకడు పక్క గీత దగ్గర, ఒకడు బుట్టకు దగ్గరగా వీపు పెట్టి. మిగతా ఇద్దరు రెండో పక్క. మనిషికీ మనిషికీ మధ్య సుమారు 15 నుంచి 20 అడుగుల ఎడం ఉండాలి. అంతకన్నా దగ్గరైతే ఒకే డిఫెండర్ ఇద్దరిని చూసుకోగలడు, మరీ దూరమైతే పాస్ దారిలోనే చిక్కుతుంది. ‘ఇప్పుడు ఫలానావాడు షాట్ వేయాలి’ అన్న ముందస్తు ఆజ్ఞ ఏదీ ఉండదు. బంతి ఉన్నవాడు ఎదుటి డిఫెండర్ ఎక్కడ నిలుచున్నాడో చూస్తాడు. అతను ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. బంతి ఆ తెరిచిన దారిన వెళ్తుంది. తెలివైన అయిదుగురికి ఇది హాయి, ఒక్కడు ఏమరినా గందరగోళం.

1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి క్షణాలు ఆ చదువుకు పరీక్ష. యూటాతో స్కోరు 86-86. టైమ్ అవుట్. బంతి జోర్డాన్‌కే వెళ్తుందని ప్రపంచానికంతా తెలుసు. యూటా గార్డ్ జాన్ స్టాక్టన్ కెర్‌ను వదిలి తన మీదికి వస్తాడని జోర్డాన్ బెంచీ దగ్గరే చెప్పాడు, తాను సిద్ధంగా ఉంటానని కెర్ అన్నాడు. స్టాక్టన్ వెళ్లనే వెళ్లాడు. జోర్డాన్ పాస్ ఇచ్చాడు. ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి కెర్ వేసిన షాట్‌తో 88-86, గడియారంలో ఇంకా అయిదు సెకన్లు. చివరికి 90-86తో బుల్స్‌కు టైటిల్. ఆ షాట్‌ను ఎన్నిసార్లు చూసినా నాకు షాట్ కన్నా దానికి ముందు అతని నిలకడే నచ్చుతుంది. ఎటూ పరుగెత్తడు, చేతులు ఊపడు. తన చోటు వదలడు.

శాన్ ఆంటోనియో స్పర్స్‌లో కోచ్ గ్రెగ్ పోపోవిచ్ దగ్గర నేర్చుకున్నది వేరే పాఠం. జట్టంటే ప్రాక్టీస్ ఒక్కటే కాదనీ, కలిసి భోంచేయడం, ప్రపంచం గురించి మాట్లాడుకోవడం కూడా జట్టు పనేననీ పోపోవిచ్ నమ్మకం. 2003లో కెర్‌కు 37 ఏళ్లు, ఆడించడమే అరుదు. డాలస్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో స్పర్స్ వెనకబడి ఉండగా పిలుపొచ్చింది. నాలుగు త్రీ పాయింటర్లు వేశాడు, నాలుగూ పడ్డాయి.

ఆ ఏడాదే ఆట మానేసి టీవీ వ్యాఖ్యాత అయ్యాడు. తర్వాత మూడేళ్లు ఫీనిక్స్ సన్స్‌కు జనరల్ మేనేజర్. అక్కడ మైక్ డాంటోనీ నెలకొల్పిన మెరుపు వేగపు ఆటను దగ్గర నుంచి చూశాడు. 2014లో న్యూయార్క్‌కు రమ్మని స్వయంగా ఫిల్ జాక్సనే పిలిచినా కాదని, గోల్డెన్ స్టేట్ వారియర్స్ కోచ్‌గా వెళ్లాడు. అప్పటిదాకా కోచింగ్ అనుభవం సున్నా.

అంతకుముందు సీజన్‌లో పాస్‌ల లెక్కలో వారియర్స్ లీగ్‌లో అట్టడుగున ఉన్నారు. కెర్ పెట్టుకున్న గురి మ్యాచ్‌కు 300 పాస్‌లు. డాంటోనీ వేగం, పోపోవిచ్ పాస్‌లు, వింటర్ ఎడం మూడింటినీ కలిపేశాడు. దీన్ని దొంగతనం అన్నా తప్పులేదు, ఈ వృత్తిలో అందరూ చేసేదే. దాని రుచి తెలియాలంటే ఆ రోజుల ‘స్ప్లిట్’ అనే ఒక్క ఎత్తు చూడండి. స్టెఫెన్ కర్రీ బంతిని లోపల ఉన్న డ్రేమండ్ గ్రీన్‌కు ఇస్తాడు. మామూలు స్టార్ అయితే అక్కడితో నిలబడిపోతాడు. కర్రీ మాత్రం వెళ్లి క్లే థాంప్సన్ డిఫెండర్‌కు అడ్డంగా నిలబడతాడు. ఇప్పుడు ఇద్దరు డిఫెండర్లకు ఒకటే చిక్కు: ఎవరు ఎవరి వెంట పోవాలి? ఇద్దరూ కర్రీని పట్టుకుంటే థాంప్సన్ త్రీ పాయింట్ గీత దగ్గర ఖాళీ. మనుషుల్ని మార్చుకుందాం అనుకునే ఆ అర సెకనులో కర్రీ బుట్ట వైపు జారిపోతాడు. గ్రీన్ చేతిలో బంతి సిద్ధంగా ఉంది. కర్రీ లాంటి ఆటగాడు బంతి లేకుండా ఇంకొకడి కోసం అడ్డుగోడ కావడం ఈ ఎత్తుకు ప్రాణం. మొదటి సీజన్‌లోనే 67 విజయాలు, 15 ఓటములు, టైటిల్.

ఆ టైటిల్ వెనక మరో బెంచీ కథ ఉంది. ఆండ్రే ఇగ్వాడాలా అంతకుముందు దాకా ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి ఐదుగురిలో ఒకడు. కెర్ అతన్ని బెంచీ మీదికి రమ్మన్నాడు. బెంచీ మీద బతికినవాడు అడిగాడు కాబట్టే ఆ అడగడానికి విలువ వచ్చిందని నా అభిప్రాయం. 2015 ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ 2-1 ఆధిక్యంలో ఉన్నప్పుడు నిక్ యురెన్ అనే కుర్ర సహాయకుడు పాత వీడియోలు చూసి, పొడుగరి సెంటర్ బోగట్ బదులు ఇగ్వాడాలాతో మొదలుపెడదామన్నాడు. కెర్ సరే అన్నాడు. మార్పేమీ లేదని విలేకరులకు చెప్పాడు, గెలిచాక అబద్ధమాడానని ఒప్పుకున్నాడు. 103-82తో గెలుపు, ఆపైన రెండు మ్యాచ్‌లూ వారియర్స్‌వే. ఆ సీజన్‌లో అంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడని ఇగ్వాడాలా ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

2018 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌తో మ్యాచ్‌లో కెర్ ఇంకా ముందుకు వెళ్లాడు. టైమ్ అవుట్లలో వ్యూహాలు గీసే బోర్డు ఆటగాళ్ల చేతికే ఇచ్చేశాడు. తన గొంతు విని విని వాళ్లకు విసుగొచ్చిందన్నది అతని లెక్క. ఎదుటి జట్టును చులకన చేయడమేనని విమర్శలొచ్చాయి. వారియర్స్ 46 పాయింట్ల తేడాతో గెలిచారు.

ఇక అదృష్టం సంగతి. 2019-20లో జట్టులోని మరో స్టార్ డ్యురాంట్ వెళ్లిపోయి, థాంప్సన్ గాయంతో దూరమై, కర్రీ అయిదే మ్యాచ్‌లు ఆడినప్పుడు అదే కోచ్, అదే పద్ధతితో 15 గెలిచి 50 ఓడాడు. లీగ్‌లో అదే అధమం. పద్ధతి ఆటగాళ్లను సృష్టించదు. మనుషుల మధ్య తగవులనూ అన్నిసార్లూ తీర్చదు. 1995 ప్రాక్టీస్‌లో జోర్డాన్ కొట్టిన గుద్దును కెర్ దిగమింగుకున్నాడు, ఆ తర్వాతే ఇద్దరికీ పొసిగింది. 2022లో తన జట్టులోనే గ్రీన్ సహచరుడు జోర్డాన్ పూల్‌ను కొడితే ఆ గాయం మానలేదు, మరుసటి వేసవిలో పూల్‌ను వేరే జట్టుకు పంపేశారు. గ్రీన్‌కు జరిమానాతో సరిపెట్టి ఒక్క మ్యాచ్‌కైనా సస్పెండ్ చేయకపోవడం మెతకతనమే అనిపిస్తుంది.

స్టార్లు కోచ్‌లుగా పనికిరారని కాదు. లారీ బర్డ్ ఇండియానాను 2000 ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. అప్పుడు దాడి వ్యూహం చూసుకున్నది మాత్రం పక్కన కూర్చున్న రిక్ కార్లైల్. మేజిక్ జాన్సన్ 1994లో లేకర్స్‌కు 16 మ్యాచ్‌లే కోచ్‌గా ఉండి 11 ఓడి తప్పుకున్నాడు. చేతికి వచ్చిన విద్యను నోటితో చెప్పడం వేరే విద్య.

టైరాన్ లూ పేరు చెప్పకుండా బెంచీ నుంచి కోచ్‌లైనవాళ్ల వరస పూర్తి కాదు. 2001 ఫైనల్స్‌లో అలెన్ ఐవర్సన్ షాట్ కొట్టి, కింద పడ్డ ఇతన్ని దాటుకుంటూ నడిచిన దృశ్యం ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అదే లూ 2016లో క్లీవ్‌లాండ్ కోచ్‌గా, 73 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన కెర్ జట్టును 1-3 వెనకబాటు నుంచి ఓడించాడు. ఫైనల్స్‌లో అంతకుముందు ఎవరూ చేయని పని అది. పారిస్‌లో కెర్ తనకు అసిస్టెంట్లుగా తీసుకున్న ముగ్గురిలో లూ ఒకడు. అక్కడ అప్పుడే ఎన్‌బీఏ టైటిల్ గెలిచి వచ్చిన జేసన్ టేటమ్‌ను సెర్బియాతో రెండు మ్యాచ్‌లలోనూ ఒక్క నిమిషం ఆడించకుండా కూర్చోబెట్టారు. నానా మాటలు పడ్డారు. స్వర్ణం తెచ్చారు.

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉన్న మనవాళ్లకు వారియర్స్ సొంత ఊరి జట్టు. మిగతావాళ్లకు ఫోన్‌లో హైలైట్స్ దొరుకుతాయి, కానీ వాటిలో షాటే ఉంటుంది. వీలైతే ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడండి. కర్రీ పాస్ ఇచ్చేశాక బంతి వెంట పోకుండా అతన్నే చూస్తూ ఉండండి. అక్కడ మీకు కనిపించేది టెక్స్ వింటర్ ఆట.