ఇరుపక్కలా మూడంగుళాలు

కోసిగి చుట్టుపక్కల వాన పడితే నల్లరేగడి బాట బంకయిపోతుంది. ఎండిందంటే ట్రాక్టర్లు తీసిన చాళ్లు అదే బాటలో రాయిలా గట్టిపడతాయి. అలాంటి చాల్లోకి ఒక పక్క చక్రాలు దిగితే, పత్తి బోరాలు నెత్తినేసుకున్న పాత జీపు పడవలా ఊగుతుంది. ఆ ఊపు తగ్గించమని ఒక రైతు తన మహీంద్రా జీపును ఆదోని రోడ్డు పక్కన ఒక మిస్త్రీకి అప్పజెప్పాడు. మిస్త్రీ కొత్త కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) తెమ్మనలేదు. ఉన్న వెనక కమాన్లనే ఇరుపక్కలా మూడేసి అంగుళాలు బయటికి జరుపుతానన్నాడు. రెండు రోజులు ఆ షెడ్డులో స్టూలేసుకుని కూర్చున్నాను.

కమాను కట్టలో పెద్ద పట్టీ ఒకటి, దాని కింద పొట్టివవుతూ పోయే పట్టీలు. అన్నింటి నడుమా ఒకే సెంటర్ బోల్టు. పెద్ద పట్టీకి రెండు చివరలా చుట్టిన కళ్లుంటాయి. ఒక కన్ను చాసిస్‌కు పిన్నుతో స్థిరం. రెండోది షాకిల్ అనే ఊగే లంకెకు వేలాడుతుంది. బరువు పడ్డప్పుడు వంపు సాగి కట్ట పొడవవుతుంది కదా, ఆ పొడవుకు షాకిల్ చోటిస్తుంది. యూ క్లాంపులు కట్టను యాక్సిల్ హౌసింగ్ మీది గద్దెకు బిగిస్తాయి. బండి బరువును మోసేదీ, యాక్సిల్ అటూ ఇటూ పోకుండా పట్టుకునేదీ ఈ కట్టే. అందుకే దాన్ని జరపడమంటే యాక్సిల్‌ను మళ్లీ కూర్చోబెట్టడమే.

మూడంగుళాలతో ఏం ఒరుగుతుంది అనుకున్నాను. లెక్క తేలిక కోసం రెండు కమాన్ల నడుమ ఎడం 30 అంగుళాలు అనుకుందాం. దాన్ని 36 చేస్తే ఎడం అయిదో వంతే పెరిగింది. కానీ బండి పక్కకు ఒరగకుండా కమాన్లు ఇచ్చే పట్టు ఎడం వర్గాన్ని బట్టి ఉంటుంది: 1.2 ఇంటూ 1.2, అంటే 1.44. పట్టీ ఒక్కటీ చేర్చకుండానే దాదాపు ఒకటిన్నర రెట్లు! నేరుగా పడే బరువుకు మాత్రం కమాను ముందున్నంత మెత్తగానే ఉంటుంది. ఇంకో లాభమూ ఉంది. కమాను చక్రానికి దగ్గరైన కొద్దీ హౌసింగ్‌ను వంచే బలం తగ్గుతుంది.

మన జీపులకు తాత విల్లీస్. దాన్ని మహీంద్రా వాళ్లు 1947లో ముంబైలో బిగించడం మొదలుపెట్టారు. ఇరుకు చాసిస్, దాని కిందే కమాన్లు. అమెరికాలో 1976 సీజే-7 జీపుకు వచ్చేసరికి చాసిస్ వెనక భాగాన్నే వెడల్పు చేసి కమాన్లను బయటికి జరిపారు. అక్కడ కార్ఖానాలో చేసింది ఇక్కడ వెల్డింగ్ మిషనుతో చేయాలి.

మిస్త్రీ కోత మొదలుపెట్టక ముందే పాత గద్దె వాలును రసమట్టంతో చూసి అట్టముక్క మీద గీసుకున్నాడు. ఆ వాలు తప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు కొట్టుకుంటాయి. తర్వాత టైరు లోపలి గోడకూ కమాను రాబోయే చోటుకూ మధ్య చేతివేళ్లు దూర్చి చూశాడు. గాలి తగ్గించి నడిపితే టైరు ఉబ్బుతుంది మరి. బయటికి పొడుచుకొచ్చే కొత్త బ్రాకెట్టును చాసిస్ అంచుకు అతికించి ఊరుకోలేదు. చాసిస్ ఎత్తుకు సరిగ్గా నడుమ ఆరపార రంధ్రం వేసి, మందపు గొట్టం దూర్చి, రెండు పక్కలా వెల్డు చేశాడు. నడుమే ఎందుకన్నాను.

"పైన నొక్కుడు, కింద లాగుడు సామీ. నడుమ రెండూ ఉండవు. ఆడ బొక్క పెడితే చాసిస్‌కు తెలీదు."

ఇంజనీరింగ్ కాలేజీలో ఈ ముక్కకు ఒక అధ్యాయం ఖర్చవుతుంది.

గద్దెల వెల్డింగ్ దగ్గర ఆయన ఓపిక చూడాలి. ముందు చుక్కలతో అంటించి కొలతలు తీశాడు: సెంటర్ బోల్టు నుంచి ముందు కంటికి ఇరుపక్కలా ఒకే దూరం, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ సమానం. గోడ మూలమట్టం చూసినట్టే. ఆ తర్వాత ఒక పక్క అంగుళం వెల్డు, రెండో పక్క అంగుళం. మధ్యలో బీడీ. చెయ్యి పెట్టి వేడి ఓర్చుకోగలిగితేనే మళ్లీ రాడ్డు పట్టాడు. ఏకబిగిన లాగిస్తే హౌసింగ్ వంగుతుంది, ఆయిల్ సీళ్లు మాడతాయి. ఎర్తు క్లిప్పును కూడా వెల్డు పక్కనే తగిలించాడు, కరెంటు బేరింగుల గుండా పోకుండా.

ముందు కమాన్లను ఆయన ముట్టుకోలేదు. అక్కడ చక్రం తిరగాలి. కమాను బయటికొస్తే టైరు దానికి రాసుకుంటుంది. పైగా ఒరగకుండా పట్టే కమాను గుంతలో చక్రాన్ని తొందరగా దిగనివ్వదు. నాలుగు చక్రాలకూ అలా చేస్తే ఏదో ఒకటి గాల్లో తేలుతుంది. వెనక మాత్రమే జరిపినందుకు చెల్లించాల్సిన మూల్యమూ ఉంది: గులకరాళ్ల మలుపులో వేగంగా పోతే వెనక భాగం ఇదివరకటికన్నా ముందే జారుతుంది. ఆ మాట రైతుకు రెండుసార్లు చెప్పాడు. రోడ్డెక్కే బండికి ఇలాంటి మార్పు చేస్తే రవాణా శాఖ అనుమతి కావాలన్నదీ చెప్పాడు.

రెండో సాయంత్రం వెనక చక్రమొకటి రాతిబండ మీదికెక్కించారు. ఒక పక్క షాకిల్ వెనక్కి, రెండో పక్కది ముందుకు జరిగాయి. మిస్త్రీ బండి కింద పడుకుని బ్రేకు పైపు దగ్గర టార్చి వేసి చూశాడు. లేచి, యూ క్లాంపు నట్ల మీద సుద్దతో గీతలు గీశాడు.

"నూరు కిలోమీటర్లు తిప్పుకొని రాప్పా. పట్టీలు సర్దుకుంటాయి, ఇంకోసారి బిగించాల."