ఓణపు పండుగ – బలికథ

కేరళీయుల ఓణము పంటపండుగ యనియు, దానికి మూలము భాగవతములోని వామనావతార కథ యనియు వ్రాయుట పరిపాటి యైనది. మొదటి మాటలో కొంత నిజము కలదు. రెండవది పరీక్షకు నిలుచునది కాదు. వామనచరిత్ర పోతన మూలమున తెలుగువారికి కంఠస్థమైన కథ యగుటచే మన పరిశోధక విద్యార్థులు ఈ మాటను మఱింత సులభముగా నమ్ముచున్నారు. అందుచేత నిచట విచారింపవలసి వచ్చినది.

భాగవతాష్టమస్కంధమున బలి యజ్ఞము నర్మద యుత్తరతీరమున, భృగుకచ్ఛమున జరిగినది. కేరళ ప్రసక్తి లేదు. మూడవ యడుగునకు బలి తన తల జూపెను. హరి యతనికి సుతలము నొసగి, తానే వాకిట కావలి నిలిచి, సావర్ణి మన్వంతరమున నింద్రపదవిని వాగ్దానము చేసెను. కథ యంతటితో ముగిసినది. బలి యేటేట నొకనాడు తన ప్రజలను జూడవచ్చుననుట సంస్కృతమూలమున లేదు, పోతనయందును లేదు. ఓణమునకు ప్రాణము ఆ రాకయే. ప్రాణమైన యంశము లేని గ్రంథమును పండుగకు మూలమనుట యెట్లు?

తిథిని బట్టి చూచినచో ఒక్క సంబంధము కాదనరానిది. వామనుడు శ్రవణద్వాదశినాడు పుట్టెను, 'ఓణము' శ్రవణశబ్దభవమే. కాని యది విష్ణుని నక్షత్రము. సంగమకాలపు 'మదురైక్కాంచి' మధురానగరమున ఓణమును వర్ణించుచు, అసురులను గెలిచిన మాయోనుని దినమని చెప్పినది. బలి పేరెత్తలేదు. ఆ ప్రాచీనసాక్ష్యమున ఈ దినము గెలిచినవానిది. నేటి కేరళమున ఓడినవానిది. ఈ మార్పునకు కారణము చెప్పలేని సిద్ధాంతమును మేము సిద్ధాంతముగా పరిగణింపజాలము. ద్రావిడరాజును ఆర్యులు జయించిన చరిత్ర యిందు దాగియున్నదను వారు కలరు. నర్మదాతీరమున భృగువంశీయులచే అశ్వమేధము చేయించిన ప్రహ్లాదుని మనుమడు ఆ వాదమున కొదుగడు.

పునరాగమన విశ్వాసము కేరళమునకే పరిమితము కాదు. కర్ణాటక మహారాష్ట్రములలో దీపావళి మఱునాడు వచ్చు బలిపాడ్యమికిని అదియే యాధారము. కావున బలి రాక ఒక తిథికి కట్టుబడినది కాదు. ఆయా ప్రాంతముల జనులు తమకు తగిన కాలమున నతనిని పిలుచుకొనిరి.

కేరళమున ఆ కాలము కర్కాటకమాసపు వానలును కొఱతయు గడచి సింహమాసము ప్రవేశించు వేళ. కొత్త వరివెన్నులను ఇంటికి దెచ్చు 'ఇల్లం నిఱ', కొత్తబియ్యము వండుకొను 'పుత్తరి' అను కర్మలు ఈ దినములకు దగ్గఱనే జరుగును. చిత్రమేమనగా, ఈ అసలైన పంటకర్మలలో బలికి పనిలేదు. అట్లయిన ధాన్యమునకును బలికిని పొత్తు ఎచట కుదిరినది?

మావేలి పాలనను గూర్చిన జనగీతమున కుదిరినది. ఆ రాజ్యమున మనుష్యులందఱు సమానులనియు, కల్ల లేదనియు చెప్పి, గీతము దొంగకొలతలను ప్రత్యేకముగా నిషేధించినది. పఱ, నాళి యనునవి మన కుంచము, మానికల వంటి ధాన్యపు కొలపాత్రలు. సత్యపాలనకు గీతకారుడు వెదకిన గుఱుతు దండనీతి కాదు, దానము కాదు, కొలపాత్ర. పురాణకథయో, ఆద్యంతము కొలతకథయే. చిన్నపాదములతో నడిగి పెద్దపాదములతో కొలుచుట! దొంగకొలత లేని రాజు కొలతచేతనే పదచ్యుతుడైనాడు. పురాణమును పండుగయు కలిసికొన్న చోటు ఇదియని మా యభిప్రాయము. పోతన ఆ త్రివిక్రముని పెరుగుటను చూచి పరవశించెను. కేరళ గీతకారుడు కొలువబడిన నేలవైపు నిలిచెను.

పూలముగ్గు నడుమ మట్టితో తృక్కాకర యప్పనిని, అనగా వామనుని, నిలిపి పూజించుచు, అదే ముంగిట బలికి స్వాగతము చెప్పుట పరస్పరవిరుద్ధ మని కొందఱందురు. కొలిచినవానిని విడువక, కొలువబడినవానిని మఱువక యుండుటలో విరోధము మాకు కానరాదు. ఆస్తి నమ్మియైనను ఓణపు విందు గుడువవలెనను మలయాళ సామెతలో ఆస్తికి వాడిన 'కాణము' అను మాట మలబారు కౌలుహక్కుకును పేరు. పండుగకు అరటిగెలలు భూస్వామికి కానుకగా దెచ్చి కొత్తవస్త్రము పుచ్చుకొనిపోయిన కౌలుదారు, తక్కిన యేడంతయు ధాన్యము కొలిచి యిచ్చినవాడు. కల్లపఱ లేని రాజును పాటలో కోరుకొన్నది అతడే యనుకొనుట యసంగతము కాదు.