లైను తెగినవాళ్ళ లెక్క

మా వృత్తిలో అందరూ మురిసిపోయే లెక్క ఒకటుంది: ఒక్క సర్వరు ఎంతమందిని పట్టుకుని ఉండగలదు? 1999లో డాన్ కెగెల్ దానికి ‘సీ10కే’ అని పేరు పెట్టి, ఒక సర్వరు పదివేల కనెక్షన్లను ఒకేసారి ఎందుకు మోయకూడదని అడిగాడు. 2012 జనవరి వచ్చేసరికి వాట్సాప్ ఇంజనీర్లు ఎర్లాంగ్‌లో రాసిన తమ సర్వరు ఒక్కదాని మీదే 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టామని ప్రకటించారు. పదమూడేళ్ళలో రెండు వందల రెట్లు. గొప్ప పనే, కాదనను. నా ధ్యాస మాత్రం నిలబడ్డవాటి మీద కన్నా తెగిపోయిన కనెక్షన్ల మీదే ఉంటుంది. వేలమందికి అప్పటికప్పుడు కబురు పంపే పనిలో అసలు పనితనం అక్కడే తేలుతుందని నా నమ్మకం.

క్రికెట్ స్కోరు పేజీనే తీసుకోండి. లక్షమంది తెరిచి పెట్టుకున్నారనుకుందాం. ప్రతి ఫోనూ మూడు సెకన్లకోసారి ‘కొత్తదేమైనా ఉందా?’ అని అడిగితే సర్వరు మీద సెకనుకు 33 వేల ప్రశ్నలు పడతాయి. వాటిలో నూటికి తొంభైకి జవాబు ‘లేదు’ అనే. అంతకన్నా కనెక్షన్ తెరిచే ఉంచి, బంతి పడగానే సర్వరే చెప్పడం మేలు. ఇలాంటి పద్ధతులన్నిటికీ కలిపి 2006లో అలెక్స్ రసెల్ ‘కామెట్’ అని పేరు పెట్టాడు. 2011 డిసెంబరులో వెబ్‌సాకెట్ ప్రమాణం వెలువడింది. వెబ్‌సాకెట్‌లో రెండు వైపులా మాట్లాడుకోవచ్చు. కానీ స్కోరు చూసేవాడు సర్వరుకు చెప్పేదేముంటుంది? అందుకే ఇలాంటి పనికి ఒకవైపే నడిచే సర్వర్ సెంట్ ఈవెంట్స్ వైపు మొగ్గుతాను. అది మామూలు హెచ్‌టీటీపీ జవాబే, కాకపోతే ముగియకుండా సాగుతూ ఉంటుంది.

దాని లోపలి రూపం చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. ‘ఐడీ’ అని ఒక వరుస, పక్కన అంకె. కింద ‘డేటా’ అని ఇంకో వరుస, పక్కన అసలు కబురు. ఆ తర్వాత ఒక ఖాళీ వరుస. ఆ ఖాళీ వరుస వచ్చేదాకా బ్రౌజరు కబురును పేజీకి అందించదు. ఇందులో కీలకం ఐడీ. లైను తెగితే బ్రౌజరు తనంతట తానే మళ్ళీ కలుస్తుంది, కలుస్తూనే ‘నాకు చివరగా అందింది 412’ అని హెడరులో చెబుతుంది. సర్వరు 413 నుంచి మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టాలంటే 413ను ఎక్కడో దాచి ఉండాలి కదా! చాలామంది ఐడీ వేస్తారు గానీ వెనకటి కబుర్లు దాచరు. అప్పుడా అంకె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు సంబరంగా వచ్చి, “అన్నా, లక్ష కనెక్షన్లు నిలబడ్డాయి!” అంది. “చాలా బాగుంది. ఇప్పుడు ఓ వెయ్యి తెంపు. తిరిగొచ్చినవాళ్ళకి మధ్యలో పోయినవన్నీ అందాయేమో చూడమ్మా” అన్నాను. ఆ రెండో పరీక్షకే ఆమెకు వారం పట్టింది. ఆ వారం పనికే నేను ఎక్కువ విలువిస్తాను.

పైగా లైను చెప్పి తెగదు. లిఫ్టెక్కి సెల్లారుకు దిగినవాడి సిగ్నల్ పోతే, వెళ్తున్నానని సర్వరుకు చెప్పేవాళ్ళుండరు. సర్వరు లెక్కలో అతనింకా ఉన్నట్టే. మాటామంతీ లేని కనెక్షన్‌ను లైనక్స్ తనంతట తాను పలకరించాలంటే, ఆ ఏర్పాటు పెట్టుకున్నా సరే, డిఫాల్టుగా 7200 సెకన్లు ఆగుతుంది. అంటే రెండు గంటలు! బ్రౌజరుకూ సర్వరుకూ మధ్యలో ఉండే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీది ఇంకో తొందర: మార్చకపోతే, సర్వరు 60 సెకన్లు మౌనంగా ఉంటే లైను కోసేస్తుంది. అందుకే 15 సెకన్లకోసారి కోలన్‌తో మొదలయ్యే వరుస ఒకటి ఊరికే పంపుతుంటాం. బ్రౌజరు దాన్ని పట్టించుకోదు, లైను మాత్రం బతికి ఉంటుంది. కొత్త కోడు ఏది రాసినా ఫోను పట్టుకుని ఆఫీసు లిఫ్టులో కిందికీ పైకీ తిరిగి చూడటం నా అలవాటు. వైఫై పోయి, మొబైల్ డేటా అందుకుని, అదీ పోయి, మళ్ళీ వచ్చే ఆ వరస టేబుల్ మీద కేబుల్ పీకితే రాదు.

తెగినవాడితో కన్నా నెమ్మదివాడితో చిక్కు ఎక్కువ. టవరుకు దూరంగా ఉన్న ఊళ్ళో ఒకాయన ఫోను కబుర్లను అందుకోలేకపోతుంటే, ఆయన వాటా అంతా సర్వరు మెమొరీలో పేరుకుంటుంది. అలాంటివాళ్ళు కొన్ని వేలమంది చేరితే మిగతా అందరికీ ఎసరే. ఏం చేయాలన్నది కబురును బట్టి ఉంటుంది. స్కోరు 146 అని రాగానే 142తో ఎవరికీ పనిలేదు, పాతది పారేసి తాజాది ఉంచితే చాలు. కామెంటరీ అలా కాదు. వికెట్ ఎలా పడిందో చెప్పే వాక్యాన్ని పారేస్తే ఆయనకు ఆట అర్థం కాదు. అక్కడ పేరుకోనివ్వకుండా మనమే లైను తెంపి, ఐడీతో తిరిగొచ్చినప్పుడు దాచినచోటి నుంచి ఇవ్వాలి. స్కోరుకూ కామెంటరీకీ ఒకటే నియమం పెట్టే డిజైన్లు చూస్తే నాకు కోపం వస్తుంది. బలహీనమైన సిగ్నల్ ఉన్న మనిషి గురించి ఎవరూ ఒక్క నిమిషం ఆలోచించలేదన్నమాట.

ఇక సర్వరును మనమే ఆపాల్సి వచ్చే రోజు. లక్షమందీ ఒక్క క్షణంలో తెగి, ఒక్క క్షణంలోనే మళ్ళీ వచ్చి పడతారు. దీనికి ‘రిట్రై’ అనే వరుస ఉంది. ఎన్ని మిల్లీసెకన్లు ఆగి రావాలో సర్వరే ముందుగా చెప్పిపెట్టొచ్చు. అందరికీ ఒకే అంకె ఇస్తే ఆ గుంపు కాస్త ఆలస్యంగా వస్తుందంతే. వాళ్ళు కలిసేటప్పుడే నేను ఒక్కొక్కరికి ఒక్కో అంకె ఇస్తాను: ఒకరికి 2100, ఒకరికి 8700, ఇంకొకరికి 14000. ఆ పద్నాలుగు సెకన్లు ఆగినవాడికి మహా అయితే ఒక బంతి ఆలస్యంగా తెలుస్తుంది. ఐడీ ఉంది కనక ఆ బంతి ఎక్కడికీ పోదు.