పులి అన్నం తింటే తప్పేంటి?

దసరా రోజుల్లో డప్పు మోగుతూ పులివేషం వీధిలోకి వస్తే మూడేళ్ల పిల్ల అమ్మ కొంగు చాటుకు పోతుంది. ఐదేళ్ల అన్న పులి వెంట పడతాడు. మర్నాటి నుంచి ఇంట్లో ఇద్దరూ పులులే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ బట్టీ పట్టించలేదు. బొమ్మల పెళ్లిళ్లు, గుజ్జనగూళ్లు, చీపురుపుల్ల పట్టుకుని ఆడే పంతులమ్మ ఆట అన్నీ నాటకాలే కదా. అందుకే ఇంత చిన్నవాళ్లకు నటన నేర్పాలా అని ఎవరైనా అడిగితే, ముందు మనం నేర్చుకోవాల్సింది కొంత ఉందంటాను.

మనకు అలవాటైన దారి వార్షికోత్సవం. ఎల్‌కేజీ బుడతడికి గుండ్రటి కళ్లజోడు పెట్టి, చేతికి కర్ర ఇచ్చి గాంధీని చేస్తాం. మైకు ముందు వాడు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పాలి. తెర పక్క నుంచి టీచరు మాట అందిస్తుంటుంది, ముందు వరుసలో తల్లి పెదాలు కదుపుతుంటుంది. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఆ గాంధీ ఎక్కడికి నడుస్తున్నాడో, ఆ కర్ర ఎందుకో పిల్లవాడికి ఎవరూ చెప్పి ఉండరు. జ్ఞాపకశక్తికి పరీక్ష అంటే ఒప్పుకుంటాను గానీ, నటన అనడానికి మనసొప్పదు.

దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టిన పంతులమ్మ వివియన్ పేలీ. షికాగో విశ్వవిద్యాలయం వారి ల్యాబొరేటరీ స్కూల్స్‌లో ఏళ్ల తరబడి చిన్నపిల్లలకు చదువు చెప్పారు. 1989లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2019లో కన్నుమూశారు. ఆమె పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. పిల్ల కథ చెబుతుంది, టీచరు రాసుకుంటుంది, అదే రోజు అందరూ కలిసి ఆ కథ ఆడతారు.

కిటుకంతా రాసుకోవడంలో ఉంది. ఒక పిల్ల వచ్చి ఇలా చెప్పిందనుకోండి: “పులి వచ్చింది. అన్నం తిన్నది. అమ్మ తలుపేసింది. బజ్జుంది.” టీచరు ఉన్నదున్నట్టు రాయాలి. పులి అన్నం తినదమ్మా అని దిద్దకూడదు, బజ్జున్నది పులా అమ్మా అని కూపీ లాగకూడదు. రాస్తూ మాట మాటా పైకి చదవాలి. తన నోట్లోంచి వచ్చిన మాట కాగితం మీద గీతలుగా మారడం పిల్ల కళ్లారా చూస్తుంది. అక్షరాలంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. కథ పేజీ దాటనక్కర్లేదు. ఒక్క వాక్యమే చెప్పినా కథే.

తర్వాత సుద్దముక్కతో నేల మీద ఒక చదరం గీసి, పిల్లలంతా చుట్టూ కూర్చోవాలి. చదరం లోపల నాటకం, బయట ప్రేక్షకులు. టీచరు కథ చదువుతుంటే పులి వస్తుంది, అమ్మ వస్తుంది. తలుపు? ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపితే అదే తలుపు. రిహార్సల్ లేదు, దుస్తులు లేవు. కథలో కొట్లాట వస్తే ఒకరినొకరు తాకకుండా ఆడాలి, ఆ ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. రానన్నవాణ్ని లాగకూడదు. కొందరు వారాల తరబడి చూస్తూనే ఉండి, ఒకనాడు చెట్టుగా నిలబడతానంటారు. కదలని చెట్టు వేషం బిడియస్తుడికి భలే ఆసరా.

టీచరు తానే ఒక వేషం కట్టడం మరో ఉపాయం. ఇంగ్లండులో డొరొతీ హీత్‌కోట్ దీన్ని బాగా వృద్ధి చేశారు. భుజాన శాలువా వేసుకుని అవ్వగా మారి, “నా మేక తప్పిపోయింది నాయనా, ఎట్లా వెతకాలి?” అంటే ఆ అవ్వకు దారి చెప్పడానికి నలుగురూ ఎగబడతారు. శాలువా తీస్తే మళ్లీ టీచరే. ఆ వేయడం, తీయడం పిల్లల కళ్ల ముందే జరగాలి. మూడేళ్లవాళ్లకు ముసుగులు, ముఖాలకు రంగులు పనికిరావు. లోపల ఉన్నది ఎవరో తెలియక జడుసుకుంటారు.

ఇలా వేషం కట్టే ఆటలో ఏముందో సోవియట్ మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ 1933లోనే ఒక ఉపన్యాసంలో వివరించాడు. అక్కాచెల్లెళ్లు ఇద్దరు ‘అక్కాచెల్లెళ్ల ఆట’ ఆడిన ఉదాహరణ ఇచ్చాడు. మామూలుగా ఎలాగూ అక్కాచెల్లెళ్లే. ఆట మొదలయ్యాక మాత్రం అక్క అంటే ఎలా ఉండాలో ఆలోచించి మరీ ఉంటారు. ఊరికే నిలబడమంటే నిమిషానికి కదిలిపోయే పిల్లవాడు కాపలా సిపాయి వేషంలో చాలాసేపు కదలకుండా నిలబడటం సోవియట్ పరిశోధకులు తర్వాత ప్రయోగం చేసి చూశారు. కేకలేసినా రాని నిగ్రహం వేషంతో వస్తోందన్నమాట.

పిల్లల మాటకు చోటివ్వడం మనకూ కొత్తదేమీ కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల గొంతులనే నమ్ముకుని ‘బాలానందం’ రేడియో కార్యక్రమం నడిపారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. ఆ తర్వాత మైకు పిల్లల చేతిలోంచి పెద్దల చేతిలోకి ఎలా పోయిందన్నది వేరే వ్యాసం.

అంగన్‌వాడీలోనైనా, ఇంటి వరండాలోనైనా ఈ కథల నాటకానికి సుద్దముక్క, నోటు పుస్తకం చాలు. తల్లిదండ్రులు చూస్తామంటే రానివ్వండి. ఫోన్లు మాత్రం సంచుల్లో పెట్టించి, చదరం చుట్టూ నేల మీదే కూర్చోబెట్టండి. వంతు వచ్చినప్పుడు నాన్నగారు గోడగా నిలబడాల్సిందే.