కౌజూ, నీ గొంతుకో దండం

కౌజూ, ఈ గుట్టల మీద మొదటి పాట నీదే. హైదరాబాద్ శ్రీనగర్ కాలనీ గేట్లకు సినిమా కంపెనీల బోర్డులు వేలాడకముందు, ఫిల్మ్ నగర్ అనే పేరే పుట్టకముందు, తుమ్మలూ సీతాఫలం పొదలూ ఏనుగుల్లాంటి బండలూ తప్ప ఇక్కడ ఇంకేమీ లేనప్పుడు, పొద్దు పొడుస్తూనే గొంతు విప్పింది నువ్వే. ఇప్పుడు నీకు మిగిలింది కేబీఆర్ పార్కు. ఊరు దాటని వాళ్ళకు అదే అడవి, నీకు అది చీలికే. అందులో నెమలి ఉంది. 1963 నుంచి దానికి జాతీయ పక్షి హోదా ఉంది. వాకింగుకొచ్చిన ప్రతి సెల్‌ఫోనూ దాని తోకవైపే తిరుగుతుంది. వెనక నువ్వు బాట దాటిపోతావు. మట్టే లేచి పరుగెత్తిందనుకుంటారు, చూసినవాళ్ళుంటే.

నిన్ను వినాలి. క-తీతర్, తీతర్, తీతర్! ఒకటి మొదలెడితే జంట అందుకుంటుంది, అవతలి గుట్ట బదులిస్తుంది. జానెడున్నర పిట్టవు, పావుకిలోకి కాస్త ఎక్కువ తూగుతావు. అంత శబ్దం ఏ మూల దాచుకున్నావమ్మా!

చూడటం కూడా నేర్చుకోవాలి, తొందరపడకుండా. గోధుమవన్నె గొంతు చుట్టూ సన్నని నల్లదారం, అదీ అక్కడక్కడా తెగి. ఒళ్ళంతా అడ్డగీతలు. నిన్ను లేపడం కష్టం, పరుగే నీ మొదటి ఉపాయం. మరీ మీదికొస్తేనే బుర్రున లేస్తావు, తోక అంచుల్లో ఇటుకరంగు మెరిసి మళ్ళీ పొదలో మాయం. మగదానివైతే కాలికి ముల్లుంటుంది. నీ దాయాది ఒకటుంది, ఒంటినిండా తెల్లచుక్కలు, ఎర్రమట్టి పూసిన మొహం. దానికి ఆడా మగా ఎవరికీ కాలిముల్లు లేదు. వానలు పడ్డాక చెట్టెక్కి కూస్తుంది. ఇద్దరినీ ఒకటే అనుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. కాలు చూడమంటాను, అంతే.

పండితులకు ఇదీ చాలలేదు. 1789లో గ్మెలిన్ అనే జర్మన్ పెద్దమనిషి పొండిచ్చేరి ఊరిపేరు తగిలించి నీకు శాస్త్రనామం పెట్టాడు. ఇప్పుడు నీలో మూడు తెగలు లెక్కపెడతారు. దక్షిణాదిలో, శ్రీలంక దాకా ఉన్నది ఆ పొండిచ్చేరి తెగ, ముదురు వన్నెది, గొంతు బాగా పండినది. మన రాళ్ళమీది నువ్వూ దాని కిందికే వస్తావు. ఉత్తరానికి పోయేకొద్దీ రంగు వెలుస్తుంది. పాకిస్తాన్, ఇరాన్‌ల మెక్రాన్ తీరానికి చేరేసరికి ఇసుకలో ఇసుకై పోతావు. ఏ నేల మీద ఉంటే ఆ నేల తొడుక్కోవడం నీకు ఎవరు చెప్పారు? ఒక తెగ ఎక్కడ అయిపోయి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీతగీసి చూపమంటే మాత్రం మ్యాపులకు నోరు పెగలదు. కలిసిపోతూ కలిసిపోతూ నడుస్తావు.

నిజాం సర్కారు డబ్బులిచ్చి హైదరాబాద్ సంస్థానంలో పిట్టల సర్వే చేయించిన 1931-32లో సలీం అలీ ఈ దక్కనంతా తిరిగాడు. ఆ రోజుల్లో తెగల తేడా తేల్చాలంటే పిట్టను కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, వరసగా పేర్చి చూడాల్సిందే. నిన్ను ప్రేమించినవాడి భుజానా తుపాకీ ఉండేది. ఆ చదువుకు నీ బాకీ ఎవరూ తీర్చలేదు.

తుపాకీ లేనివాడు నిన్ను నీతోనే పట్టాడు. దాన్నే దీమం అన్నారు. మచ్చికైన మగకౌజును పంజరంలో పెట్టి పొద పక్కన ఉంచుతారు, చుట్టూ ఉచ్చులు. అది కూస్తుంది. నీ హద్దులో పరాయి గొంతు! నీకు ఆగదు. మెడ సాచి, రెక్కలు దించి, తగువుకు వస్తావు, కాలు ఉచ్చులో పడేదాకా. ఆ పంతాన్ని చూసే మనవాళ్ళు నీకు కోళ్ళలాగే పందేలూ కట్టారు. అమెరికాలో అడవి టర్కీ కోడి వేట కూడా గొంతుల ఆటే. వేటగాడు చెట్టుకు ఆనుకుని ఆడకోడిలా పలుకుతాడు, మగది తోక విప్పుకుంటూ నడిచొస్తుంది. అది వలపుతో చస్తుంది, నువ్వు రోషంతో. నాకు నీ చావే మర్యాదగా తోస్తుంది.

1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడు నిన్ను పట్టడం నేరం, పంజరంలో పెంచడమూ నేరమే. ఉచ్చులల్లిన చేతులకు బదులు కూడు ఎవరూ చూపలేదు, ఆ మాటా చెప్పుకోవాలి. ఇక వేటగాడు వేషంలో బతికాడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ, నోటినిండా కోతలు: తెలంగాణ ఊళ్ళలో పిట్టలదొర వస్తే పిల్లలు వెంటపడేవాళ్ళు. తుపాకి రాముడన్నా ఆయనే. ఆ తుపాకీకి ఒక్క పిట్టా రాలింది లేదు. 1996లో అలీ హీరోగా పిట్టలదొర పేరుతో సినిమాయే వచ్చింది. అలా వేట సినిమాపేటైన నీ గుట్టల మీదికి తిరిగొచ్చింది, ఈసారి గుండు లేకుండా. నీకింతకన్నా శుభవార్త ఏముంటుంది!

ఒక్క పితూరీ మిగిలింది. సాయంత్రమైతే ఈ చుట్టుపక్కల హోటళ్ళలో కౌజుపిట్ట వేపుడని రాస్తారు. పళ్ళెంలో వచ్చేది పిడికిట్లో పట్టే జపాన్ పిట్ట, ఫారంలో పుట్టి ఫారంలో పెరిగినది, కూత కూడా నీది కాదు. సినిమావాళ్ళ పేటలో ఇది కొత్తేమీ కాదులే. పోస్టరు మీద పేరు నీది, నూనెలోకి దూకింది డూపు.